ఇరవై రెండుకి పందొమ్మిది

తమ్ముడి సిద్ధాంత వ్యాసంలో నూట అరవై ఏడో పేజీ దగ్గర అక్క వేళ్ళు ఆగిపోయాయి. అంతకుముందు నూట అరవై ఆరు పేజీలూ ఒక్క ఊపున వచ్చినవే. అక్క చేయి పడితే కంప్యూటరు కూడా పాత టైపుమిషనులాగా చప్పుడు చేస్తుంది. ఆ దెబ్బలకి బల్ల మీది కళ్ళజోడు పెట్టె జరిగి జరిగి అంచుదాకా వస్తుంది, పేజీకొకసారి దాన్ని మోచేత్తో వెనక్కి నెట్టుకుంటుంది. ఇప్పుడా చప్పుడు ఆగేసరికి వంటింట్లోంచి అమ్మ "కరెంటు పోయిందా?" అని కేకేసింది.

పోలేదు. పట్టిక వచ్చింది.

పట్టికలో ఎడమవైపు ఇరవై రెండు లక్షణాలు. పురాణాల్లో వీరుడి కథ ఏ దేశంలో విన్నా ఒకే అచ్చులో ఉంటుందని, ఆ అచ్చుకి ఇరవై రెండు గుర్తులని ఎవరో పెద్దాయన ఎప్పుడో ఒక జాబితా రాసిపెట్టాడు. వీరుడి తల్లి కన్య. తండ్రి రాజు. పుట్టగానే ఎవరో చంపబోతారు. దూరదేశంలో పరాయివాళ్ళు పెంచుతారు. పెద్దవాడై రాక్షసుడినో మృగాన్నో గెలుస్తాడు, రాజ్యమేలుతాడు, జనానికి చెడ్డవాడౌతాడు, గుట్ట మీద వింతగా చనిపోతాడు. అతణ్ణి పూడ్చరు, అయినా సమాధి మాత్రం ఉంటుంది. తమ్ముడు ఆ జాబితా పక్కన తొలినాటి క్రైస్తవ కథల్లోని ఏసుని నిలబెట్టి, ఒక్కొక్క గుర్తుకీ టిక్కు పెట్టుకుంటూ పోయాడు. అడుగున లావుపాటి అక్షరాల్లో "22కి 19" అని రాసి రెండు గీతలు గీశాడు. అతని ఆరేళ్ళ చదువూ ఆ రెండు గీతల మీద నిలబడి ఉంది.

"ఇది ఎవరు చెప్పారు?" అంది అక్క.

తమ్ముడు పక్క కుర్చీలో కూర్చుని అచ్చు తీసిన పేజీలు దిద్దుకుంటున్నాడు. చెవి మీద ఒక ఎర్ర పెన్సిలు, చేతిలో ఇంకొకటి. "ఏది?"

"ఆరోది. పుట్టగానే రాజు చంపబోయాడని."

"సువార్తల్లో ఉందక్కా."

"సువార్తలు నాలుగు అని నువ్వే రెండో అధ్యాయంలో రాశావు. ఏ సువార్తలో?"

"అబ్బా, అన్నిట్లోనూ అనుకో. అందరూ చెప్పారు. టిక్కులేగా, పెట్టుకుంటూ పో."

"అందరూ అనే సాక్షి మా కోర్టుకి ఇంతవరకు రాలేదురా."

ఇరవై ఆరేళ్ళుగా అక్క కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేస్తోంది. ఒక సాక్షికి ఒక కాగితం. ఒకడి నోటి మాట ఇంకొకడి కాగితంలోకి పోకూడదు. ఈ ఒక్క సూత్రం ఆవిడకి ఊపిరితో సమానం. ఇంట్లో పాలు విరిగిపోయినా, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని విడివిడిగా అడిగిగాని నమ్మదు.

"అక్కా, నీకు దండం పెడతాను. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఇది ఆఫీసులో పడాలి. ఇప్పటికి మూడుసార్లు గడువు పెంచారు. ఈసారి దాటితే కాలేజీవాళ్ళు నన్ను ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపించేస్తారు. ఇద్దరు పిల్లలతో నేను రోడ్డున పడతాను. టిక్కు పెట్టక్కా."

"పెడతాను. ఎవరి కాగితంలో పెట్టాలో చెప్పు, పెడతాను."

అప్పటికి వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెర మీదికి వంగి చూసింది. ఆవిడకి చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి లావుపాటివే చదివింది.

"ఇరవై రెండుకి పందొమ్మిదా? దేవుడికా? మిగతా మూడూ ఎందుకు తీసేశావురా?"

"తీసెయ్యలేదమ్మా, రాలేదు. రాజకుమారిని పెళ్ళి చేసుకోలేదు, అదొకటి..."

"పెళ్ళి చేసుకోకపోతే మార్కులు తీసేస్తావా? దేవుడికి మార్కులేసే అంతటివాడివయ్యావన్నమాట. ఏడో క్లాసులో నీకు లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పమంటావా?"

తమ్ముడు కాగితాలు అక్కడే పడేసి, చెవి మీద పెన్సిలు చెవి మీదే ఉండగా ఇంటికి వెళ్ళిపోయాడు.

మంగళవారం కోర్టులో గోడ కూలిన కేసు నడిచింది. రెండిళ్ళ మధ్య గోడ ఒకటి కూలింది. ఎవరు కూల్చారన్నది తగాదా. మొదటి సాక్షి గునపం చూశానన్నాడు. రెండో సాక్షి మనిషిని చూశానన్నాడు. మూడో సాక్షి బోనెక్కి, మెడ సవరించుకుని, "నేను చెప్పేదీ వాళ్ళు చెప్పిందేనండి" అన్నాడు.

"మేడంగారూ," అన్నాడు ప్లీడరు, గడియారం చూసుకుంటూ, "రెండో సాక్షి చెప్పినట్టే అని వేసెయ్యండి. టైము కలిసొస్తుంది."

అక్క రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఒళ్ళోకి వెళ్ళాయంటే అర్థమేమిటో ఆ హాల్లో బెంచీలకి కూడా తెలుసు. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి నిట్టూర్చారు.

"ఆవిడ చేతులు తీసేసింది. చూడు బాబూ, నువ్వు నీ కళ్ళతో చూసింది చెప్పు."

సాక్షి ఒకసారి ప్లీడరు వంక, ఒకసారి గోడ తాలూకు మనుషుల వంక చూసి నీళ్ళు నమిలాడు. "నేనొచ్చేసరికి గోడ లేదండి. దుమ్ముంది."

అక్క చేతులు మళ్ళీ పైకొచ్చాయి. 'నేను వచ్చేసరికి గోడ లేదు. దుమ్ము ఉంది.' ఆ రోజు మొత్తంలో ఆవిడ తృప్తిగా టైపు చేసిన వాక్యం అదొక్కటే. గునపం, మనిషి, దుమ్ము కలిపితే మంచి కథ అవుతుంది. గునపం పట్టుకున్న మనిషి దుమ్ములో నిలబడి కళ్ళకి కట్టినట్టు కనబడతాడు. కానీ అలాంటి మనిషిని ఆ ముగ్గురిలో ఒక్కడూ చూడలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ బయటికి పోయాక, అక్క రికార్డు గదిలో కిటికీ పక్కన కూర్చుని నాలుగు తెల్లకాగితాలు తీసింది. స్కేలు పెట్టి ఒక్కొక్కదానిలో ఇరవై రెండు గళ్ళు గీసింది. పైన ఒకటో సాక్షి, రెండో సాక్షి, మూడో సాక్షి, నాలుగో సాక్షి అని రాసింది. తమ్ముడు చీటీలు పెట్టి ఇచ్చిన సువార్తల పుస్తకం సంచిలోనే ఉంది. నాలుగింటిలో అన్నిటికన్నా పాతది, చిన్నది ఏదో అతని రెండో అధ్యాయంలోనే ఉంది కాబట్టి దాన్నే ఒకటో సాక్షిని చేసింది. వాక్యం కింద పెన్సిలు అడ్డంగా పెట్టుకుని, ఒక్కొక్క గీతే కిందికి జరుపుకుంటూ చదవడం మొదలుపెట్టింది.

ఒకటో సాక్షి ఆవిడకి తెగ నచ్చేశాడు. సోది లేదు. పుట్టుక ఊసే ఎత్తలేదు. మనిషి పెద్దవాడై నది దగ్గరికి నడిచి వచ్చేదాకా ఈ సాక్షి బోనే ఎక్కలేదు. తను చూడనిదీ విననిదీ చెప్పనన్నట్టు అక్కడినుంచే మొదలుపెట్టాడు. ఇంకా చివర్లో, సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు భయపడి పారిపోయారని, ఎవరికీ ఏమీ చెప్పలేదని ఊరుకున్నాడు. పాత ప్రతుల్లో అక్కడితో ఆగిపోతుందని పుస్తకం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. గొప్ప చెప్పుకునేవాడు కథని అలా ముగించడు అనుకుంది అక్క. ఆయన కాగితంలో ఎనిమిది టిక్కులు పడ్డాయి.

బెంచి క్లర్కు పళ్ళు కుట్టుకుంటూ లోపలికి వచ్చాడు. "ఏం కేసు మేడం అది? చాలా పాతదిలా ఉంది."

"పాతదే. సాక్షులు నలుగురు."

"రాజీ అవుతుందా?"

"ఇప్పటిదాకా అందరూ రాజీ చేస్తూనే వచ్చారు. అదే వచ్చిన చిక్కు," అంది అక్క.

బుధవారం సాయంత్రం తమ్ముడు మళ్ళీ వచ్చేసరికి బల్ల మీద పాత పట్టిక లేదు. దాని జాగాలో నాలుగు నిలువు వరసలున్న కొత్త పట్టిక ఉంది. అడుగున నాలుగు అంకెలు. ఎనిమిది. పదమూడు. పదకొండు. తొమ్మిది.

తమ్ముడు కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు. అది దొరక్క నిలబడే, "నా పందొమ్మిది ఏదక్కా?" అన్నాడు. బస్టాండులో పెట్టె పోయినవాడి గొంతు అది.

"ఎవరి కాగితంలోనూ లేదురా. పిల్లల్ని చంపించిన రాజు రెండో ఆయన దగ్గరే ఉన్నాడు. పశువుల తొట్టె, గొర్రెల కాపరులు మూడో ఆయన దగ్గరే ఉన్నారు. ఆయన రాజు పేరెత్తినా చంపడం గింపడం లేదు, తల్లీతండ్రీ పిల్లవాణ్ణి తీసుకుని నిమ్మళంగా ఇంటికెళ్ళిపోయారు. ఒకటో ఆయనా నాలుగో ఆయనా అసలు పుట్టుక జోలికే పోలేదు. నలుగురినీ కలిపి కుట్టినవాడి దగ్గరే పందొమ్మిది ఉన్నాయి. ఆ కుట్టినవాడివి నువ్వు."

"మిగతా వీరులకి కూడా అన్ని కథలూ కలిపే లెక్కేస్తారక్కా! పద్ధతే అది!"

"అయితే వాళ్ళ కేసులు కూడా తిరగతోడాలి."

తమ్ముడు పళ్ళు నూరుకుంటూ పట్టిక మీదికి వంగాడు. ఎక్కడైనా ఒక టిక్కు సంపాదించుకోకపోతే ప్రాణం నిలబడేట్టు లేదు. "ఇదేమిటి, గుట్ట మీద చావు! నాలుగింటిలోనూ ఖాళీ వదిలేశావేం? ప్రపంచమంతటికీ తెలుసు, గుట్ట మీదే!"

"నలుగుర్నీ రెండుసార్లు చదివాను. 'స్థలం' అన్నారుగానీ గుట్ట అని ఒక్కరూ అనలేదు."

"అదెలా కుదురుతుంది?" పుస్తకం లాక్కుని అతను చదివాడు. పేజీలు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. ఆరేళ్ళుగా ఆ నాలుగు పుస్తకాలూ నోట్లో నానుతున్నాయి, గుట్ట లేదన్న సంగతి ఎన్నడూ కంటపడలేదు. "మరి గుట్ట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"బొమ్మలు గీసినవాళ్ళు గీసి ఉంటారు. ఎత్తు మీద పెడితే బొమ్మ బాగుంటుంది కదా. వాళ్ళని నువ్వు సాక్షులుగా పిలవలేదు."

"సరే. పూడ్చరు అన్నదో? శవం దొరకలేదు. దానికైనా పెట్టు."

"పూడ్చారు. రాయి అడ్డం పెట్టి మరీ పూడ్చారు. నలుగురూ చెప్పారు. దొరక్కపోవడం తర్వాతి సంగతి. పూడ్చలేదు అన్నదానికి టిక్కు పెడితే నలుగురు సాక్షులూ అబద్ధాలకోరులౌతారు."

దాంతో తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. తన పొట్ట కొట్టడానికే అక్క కంకణం కట్టుకుందన్నాడు. పరిశోధన నడిపించే గైడుగారు ఈ పందొమ్మిది చూసే వ్యాసానికి ఒప్పుకున్నారన్నాడు. ఎనిమిది చూపిస్తే సంతకం కాదు గదా, గుమ్మంలోకి కూడా రానివ్వరన్నాడు. అక్క అంతా విని, "పాత పట్టిక వేరే ఫైల్లో భద్రంగా ఉంది. అదే కావాలంటే తీసుకెళ్ళి ఇంకెవరిచేతనైనా టిక్కులు పెట్టించుకో. నా చేతులతో మాత్రం పెట్టను," అంది. అనేసిందిగానీ తమ్ముడి పిల్లలిద్దరి ముఖాలూ కళ్ళముందు కదిలాయి. ఒక్క రోజుకి కళ్ళు మూసుకుంటే ఏం పోయింది అని కూడా అనిపించింది. అయినా చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

గొడవ విని అమ్మ వచ్చింది. విషయం ఆవిడకి అక్కర్లేదు. కొడుకు ముఖం మాడ్చుకుని నిలబడడం చూసింది, అంతే చాలు.

"వాణ్ణెందుకే అలా ఏడిపిస్తావు? వాడు పుట్టిన రోజే తెలుసు నాకు, పెద్ద చదువులు చదువుతాడని. మూడేళ్ళనుంచి చుక్క రాల్లేదు. వీడు భూమ్మీద పడ్డాడో లేదో కుండపోతగా వాన! కళ్ళు తెరుచుకునే పుట్టాడు. ఆ నర్సమ్మ చూసి, ఈ పిల్లాడు మామూలువాడు కాదమ్మా అని చేతులు జోడించింది."

"వాన లేదమ్మా," అంది అక్క.

"నీకేం తెలుసు?"

"నర్సుని పిలవడానికి పరిగెత్తింది నేనే. తొమ్మిదేళ్ళదాన్ని. గొడుగు లేదు, తడవలేదు. ఆవిడ చేతులు కూడా జోడించలేదు. వేణ్ణీళ్ళేవీ అని నన్ను కసిరింది."

"వాన పడింది!"

"సరే, పడింది. ఈ వాన సంగతి నువ్వు మొదటిసారి ఎప్పుడు చెప్పావో గుర్తుందా? వీడు కాలేజీలో ఫస్టున ప్యాసైనప్పుడు. నర్సమ్మ దండం వీడికి ఉద్యోగమొచ్చాక వచ్చింది. ఏడో క్లాసు తప్పిన రోజున వానా లేదు, నర్సూ లేదు, చీపురుకట్ట ఉంది."

తమ్ముడు ఫక్కున నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. నోరు అలా తెరిచే ఉంది. మెల్లగా వంగి పట్టిక అడుగునున్న అంకెల మీద వేలు పెట్టాడు. ఎనిమిది మీద పెట్టి, పదమూడుకి జరిపి, పదకొండుకి జరిపాడు.

"అక్కా. పాతవాడి దగ్గర పుట్టుకే లేదు."

"లేదు."

"తర్వాత వచ్చిన ఇద్దరి దగ్గరే పుట్టుక ఉంది. అదీ ఒకరిది ఒకరికి కలవదు. అంటే ముందు మనిషి. తర్వాత చావు. వాన ఆఖర్న వచ్చింది." అతను అమ్మ వంక చూశాడు, ఆరేళ్ళుగా వెతుకుతున్న గ్రంథం వంటింట్లో దొరికినట్టు. "అచ్చులోంచి మనిషి రాలేదు. మనిషి మీద ప్రేమున్నవాళ్ళు చెప్పుకుంటూ చెప్పుకుంటూ అచ్చు దగ్గరికి నడిపించుకెళ్ళారు. ఎంత దూరం నడిపించారో ఈ నాలుగు వరసల్లో తెలుస్తోంది."

"నాలుగో ఆయన నడక అలా లేదుగా. తొమ్మిదికి దిగిపోయాడు."

"ఆయన సృష్టికి ముందే మొదలెట్టాడక్కా. అక్కడ తొట్టె, రాజు, వాన ఏమీ ఉండవు. అచ్చుని కూడా దాటేశాడు. అమ్మ నా గురించి ఇంకా అక్కడిదాకా పోలేదు."

"పోతుంది, ఆ డాక్టరేటు రానీ," అంది అక్క.

అమ్మకి ఇద్దరూ తననే వెక్కిరిస్తున్నారన్నంత వరకు అర్థమై, వాన పడిందని మరోసారి గట్టిగా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం అక్క సెలవు పెట్టింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ పెట్టిన సెలవులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి కోర్టువాళ్ళు ఎవరైనా పోయారేమో అనుకున్నారు. తమ్ముడు గదిలో ఈ గోడనుంచి ఆ గోడకి నడుస్తూ చివరి అధ్యాయం చెబుతూ పోయాడు, ఆవిడ టైపు చేస్తూ పోయింది. "ఏదైతేనేం" అని అతను అన్నప్పుడల్లా చేతులు ఆగేవి, అతను మళ్ళీ వెనక్కెళ్ళి ఏదో ఎవరో తేల్చి చెప్పేవాడు. కళ్ళజోడు పెట్టె రెండుసార్లు కింద పడింది. పొద్దుగుంకే వేళకి ముప్పై ఒక్క పేజీలు తేలాయి. తమ్ముడు గొంతు బొంగురుపోయింది. అక్క వేళ్ళు వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరికీ చిన్నప్పుడు కలిసి గాలిపటం చేసిన రోజంత సంబరంగా ఉంది. ఆ మాట ఇద్దరూ పైకి అనుకోలేదుగానీ తమ్ముడు ఇంటికెళ్తూ గుమ్మంలో, "గైడుగారు నన్ను చంపేస్తాడక్కా," అన్నాడు నవ్వుతూ.

శుక్రవారం సాయంత్రం ఆరు దాటింది, ఏడు కావస్తోంది, అతని జాడ లేదు. అక్క కోర్టునుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కిటికీ దగ్గర కూర్చుంది. తన పట్టుదల వల్ల తమ్ముడి ఉద్యోగం పోతే రేపు మరదలి ముఖం ఎలా చూడాలా అని వెయ్యిసార్లు అనుకుంది. ఏడింటికి గేటు చప్పుడైంది. తమ్ముడు రుసరుసలాడుతూ వచ్చాడు.

"సంతకం పెట్టలేదా?" అంది అక్క, లేచి నిలబడి.

"పెట్టాడు! అయిదింటికి పది నిమిషాలుందనగా ఆఫీసులో ఇచ్చేశాను. రసీదు కూడా ఉంది. అది కాదక్కా. ఆయన ఏమన్నాడో తెలుసా? పట్టిక చూశాడు. లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేను చచ్చాననుకున్నాను. అప్పుడు నలుగురు లెక్చరర్లని పిలిచి, 'చూడండి, నేను ఇన్నేళ్ళనుంచీ మొత్తుకుంటున్నది ఇదే, ఒక్కొక్క కథనీ విడిగా చూడాలని! ఇన్నాళ్ళకి మావాడి బుర్రకెక్కించాను' అన్నాడు. ఎన్నడైనా అన్నాడా? పందొమ్మిది కంటే తక్కువైతే నా దగ్గరికి రాకు అన్న మనిషి! ఎంత అన్యాయం! నా ఆలోచన తీసుకుని, నా ముందే, నిలువునా..."

అక్క అతని వంకే చూస్తోంది.

తమ్ముడి మాటలు తడబడ్డాయి. కుర్చీలో కూర్చున్నాడు. ఎర్ర పెన్సిలు జేబులోంచి తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మొదట గదిలో ఆయనొక్కడే ఉన్నప్పుడు అడిగాడక్కా," అన్నాడు. "ఈ నాలుగు వరసలూ ఎవరి ఆలోచన అని. చెబుదామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. టైపు చేసినావిడ అంటే ఏమనుకుంటాడో అని..."

"నాది అన్నావు."

"నాది అనలేదు. ఊరుకున్నాను."

"ఊరుకుంటే చాలదూ?"

అక్కకి బాధేసింది. గొడవ చేసేంత బాధ కాదు. కొత్త చెప్పు కరిచినట్టు, అడుగేసినప్పుడల్లా తెలిసే బాధ. ఉద్యోగం నిలబడిందన్న సంతోషం దాని పక్కనే ఉంది. రెండూ ఒకదాన్నొకటి పోనివ్వలేదు.

శనివారం పొద్దున ఎదురింటి అత్తయ్య వచ్చింది. తమ్ముడు వ్యాసం ఇచ్చేశాడన్న కబురు మరదలి ద్వారా వీధి చివరిదాకా పోయింది. అమ్మ ఆవిణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి అందుకుంది. అక్క పక్క గదిలో బట్టలు మడత పెడుతోంది. తమ్ముడు మిగిలిపోయిన కాగితాలు తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో ఉన్నాడు.

"ఏం చెప్పమంటావు వదినా, బుధవారం సాయంత్రం నా కళ్ళముందే జరిగింది. ఈ బల్ల దగ్గరే నిలబడ్డాడు. అంతా పోయింది, దారి లేదు అన్నాడు. అన్నవాడు అన్నట్టే కళ్ళు మూసుకున్నాడు. అంతే, నాలుగు వరసలూ వాటంతటవే కళ్ళల్లో వెలిగాయిట! బయట మబ్బు కూడా పట్టింది."

"అమ్మా, అలా కాదు," అన్నాడు తమ్ముడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకేమీ వెలగలేదు. నాలుగు వరసలూ అక్క గీసింది. రికార్డు గదిలో కూర్చుని, స్కేలు పెట్టి. నేను వాటిని చూసి అక్కని తిట్టాను కూడా."

"నువ్వూరుకోరా, నీకేం తెలుసు," అంది అమ్మ.

"నాకు తెలియకపోవడమేమిటి? కళ్ళు మూసుకున్నాడంటున్నది నన్నేగా!"

"వాడికి గొప్పలు చెప్పుకోవడం రాదు వదినా. చిన్నప్పటినుంచీ అంతే," అంది అమ్మ అత్తయ్యతో. అత్తయ్య తల పంకించింది. పక్క గదిలో అక్కకి నవ్వు ఆగలేదు. సాక్షి బోనులోకొచ్చి తన మీద తనే చెప్పుకుంటున్నా నమ్మేవాళ్ళు లేరు.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. అమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్నాడు. "సరే. నేను పుట్టినప్పుడు వాన పడింది. ఒప్పుకున్నాను. అక్క పుట్టినప్పుడు ఏం జరిగిందో చెప్పు."

"దానికేముంది? పుట్టింది."

"ఎలా పుట్టింది?"

"ఎలా పుడతారు? అదీ అలాగే పుట్టింది."

"నా పుట్టుక వెయ్యిసార్లు చెప్పావు. అక్కది ఒక్కసారైనా చెప్పలేదు. ఒక్కసారి చెప్పు."

పక్క గదిలో బట్టల చప్పుడు ఆగిపోయింది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. చీర అంచు సర్దుకుంది. ఎక్కడినుంచి మొదలెట్టాలో తెలియనట్టు నేల వంక చూసింది.

"మధ్యాహ్నం," అంది. "మీ నాన్న పనికెళ్ళాడు. బట్టలు ఉతుకుతున్నాను. ఇంకా పదిహేను రోజులుందన్నారు నాకు. బకెట్టు ఎత్తబోయేసరికి నడుము పట్టేసింది. పక్కవాటా వాళ్ళు ఊళ్ళో లేరు. పిలిచాను. రెండుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు. తలుపు దాకా పోలేకపోయాను. అక్కడే, గచ్చు మీదే కూర్చున్నాను. పందొమ్మిదేళ్ళు నాకు."

అత్తయ్య టీ తాగడం మానేసింది.

"వచ్చేసింది. నా చేతుల్లోకే వచ్చింది. ఏడవలేదు. ఏడవాలని మా అమ్మ చెప్పింది, ఇది ఏడవలేదు. ఒళ్ళంతా చల్లగా అయిపోయింది నాకు. వీపు మీద తట్టాను. ఏం చెయ్యాలో తెలీదు, ఉతికిన తువ్వాలు ఒకటుంటే దాంతో తుడిచాను. అప్పుడు తుమ్మింది."

"తుమ్మిందా?" అన్నాడు తమ్ముడు.

"తుమ్మింది. ఇంత ముక్కు, అంత పెద్ద తుమ్ము. సబ్బు నురగ పోయినట్టుంది ముక్కులోకి. నాకు నవ్వొచ్చింది. ఆ నొప్పుల్లో, ఆ రక్తంలో నవ్వొచ్చింది. నేను నవ్వుతుంటే అప్పుడేడ్చింది."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏముంది చెప్పడానికి? గొప్ప ఏముందందులో? ఒక్కదాన్నే ఉన్నాను, హడలిపోయాను. అదొకటి చెప్పుకుంటారా ఎవరైనా?"

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సగం మడిచిన దుప్పటి. ఆవిడకి ఏడుపు వస్తోంది, దాన్ని దాచుకోవాలని కూడా తోచలేదు. యాభై దగ్గర పడుతున్నాక ఆవిడ తన గురించి మొదటిసారి విన్న కథ ఇది, చూసినావిడ నోటి నుంచి.

అత్తయ్య కళ్ళు ఒత్తుకుని, ఇంత కథలో ఏదో లోటు ఉండిపోయినట్టు ఆశగా అడిగింది. "మరి అప్పుడు కూడా వాన పడిందా వదినా?"

"వానెక్కడిది?" అంది అమ్మ, కూతురి వంకే చూస్తూ. "మాడిపోయే ఎండ. సాయంత్రానికి ఆ బట్టలన్నీ చక్కగా ఆరిపోయాయి."